మిలిటరీ జిప్సీ కొనే ముందు

మాధవరం

చిరంజీవి శ్రీధర్‌కు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. సైన్యం వదిలేసిన మారుతీ జిప్సీ ఒకటి సికింద్రాబాదులో ఒక డీలరు దగ్గర ఉందని, దానిని కొనాలని ఉందని రాశావు. సైన్యపు వాహనాలను బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఉద్యోగమంతా అలాంటి బండ్ల కింద పడుకుని చేసినవాణ్ణి కనుక నిన్ను కొనవద్దని అనలేను. కాని బానెట్ ఎత్తించే ముందు కాగితాలు తీయించు.

మిలిటరీ నంబరు బాణం గుర్తుతో మొదలవుతుంది, దాని పక్కనున్న రెండు అంకెలు బండిని సైన్యం తీసుకున్న సంవత్సరాన్ని చెబుతాయి. ఆ నంబరు రక్షణ శాఖ పుస్తకాలలోది. బండి సైన్యం చేయి దాటిన తరువాత, మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం, దానికి అందరి బండ్లలాగే ఆర్టీవో దగ్గర రిజిస్ట్రేషన్ చేయించవలసిందే. ఈ బండ్లు ప్రభుత్వ వేలం సంస్థ ఎంఎస్‌టీసీ జరిపే ఆన్‌లైన్ వేలంలో, ఉన్నది ఉన్నట్టుగా ఉన్నచోటనే తీసుకుపోవాలనే షరతు మీద అమ్ముడవుతాయి. పలుమార్లు కొన్నింటిని కలిపి లాటుగా పెడతారు కనుక తుక్కు వ్యాపారులే ఎక్కువగా పాడుకుంటారు. నీ డీలరు స్వయంగా పాట పాడినవాడో, చేతులు మారిన తరువాత కొన్నవాడో కనుక్కో. సేల్ లెటరు, బండిని అప్పగిస్తూ ఇచ్చే రిలీజ్ ఆర్డరు అసలు ప్రతులు ఉండాలి, మధ్యలో జరిగిన ప్రతి అమ్మకానికీ కాగితం ఉండాలి. తుక్కుగా అమ్మినట్టు అందులో రాసి ఉంటే ఎంత చవకైనా వదిలేయి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగకుండా 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉన్నా, వయసు సంగతి ఆర్టీవోను ముందే అడుగు.

ఇంజను నంబరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సైన్యపు వర్క్‌షాపులలో ఓవర్‌హాల్ చేసేటప్పుడు ఒక బండి ఇంజను తీసి మరొక దానికి వేయడం మామూలే, కనుక ఇప్పుడున్న ఇంజను మీది నంబరు, రిలీజ్ ఆర్డరులోని నంబరు ఒకటేనా అని నీ కళ్ళతో చూడు. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉన్నాయని మురిసిపోకు, మీటరును కూడా మార్చి ఉండవచ్చు. ఇంజను రిపేరు సంగతి మాత్రం అంత భయపడవలసినది కాదు. 1298 సీసీ పెట్రోలు ఇంజను, తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పగలడు. చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, పట్టే తుప్పే అసలు శత్రువు. వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బిగించే చోట సుత్తితో మెల్లగా కొట్టి చూడు, మెత్తగా ఉంటే వెల్డింగు మీద వెల్డింగు పెట్టుకుంటూ పోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ లివరు వేసి, మట్టిదారిలో కొంత దూరం నడిపించు.

నీకు నచ్చింది ఆ ఆలివ్ గ్రీన్ రంగేనని నాకు తెలుసు. అదే తీసేయాలి మరి! కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 121వ నియమం ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెల్లుతుంది. హర్యానాలోని మండీ డబ్వాలీలో కొత్త రూపమిచ్చిన జీపులను చూసి డీజిల్ ఇంజను పెట్టిద్దామనుకుంటావేమో, ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజను మార్చడం చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం.

బయానా ఇవ్వకముందే చాసిస్ నంబరు, రిలీజ్ ఆర్డరు రెండూ స్పష్టంగా ఫోటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ నాన్న