బడి వెనక గడ్డిని దసరా దాకా కోయించడం లేదు

తల్లిదండ్రులకు, అలాగే ఈ ఉత్తరాన్ని ఎవరో ఒకరు చదివి వినిపిస్తే వినే నానమ్మలకు, అమ్మమ్మలకు, తాతలకు నమస్కారం.

ఈ మధ్య పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళలో కొందరు "మేడం, బడి వెనక గడ్డి మోకాలి దాకా పెరిగింది, మనిషిని పెట్టి కోయించరా?" అని అడిగారు. అడగడం సబబే. వానాకాలం, పురుగూ పుట్రా భయం ఉంటుంది. కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను. తరగతి గదుల పక్కన, నీళ్ళ ట్యాంకు చుట్టూ, బాత్రూంలకు వెళ్ళే దారి వెంట అంతా శుభ్రం చేయించాం. వయ్యారిభామ ఎక్కడ కనిపించినా పూత రాకముందే వేళ్ళతో సహా పీకించాం. కొందరు దాన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పుప్పొడి వల్ల దురదలు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. అందుకే ఆ మొక్క విషయంలో మొహమాటం లేదు. మిగిలింది ప్రహరీ గోడ పక్కన ఉన్న సన్నటి పట్టీ. దాన్ని దసరా సెలవుల దాకా కోయించకూడదని టీచర్లమందరం కూర్చొని నిర్ణయించాం.

ఎందుకంటే మా సైన్స్ టీచర్ ఆరో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి, కనిపించిన ప్రతిదాని పేరూ రాయమన్నారు. కాగితాల నిండా 'గడ్డి', 'పిచ్చిమొక్క', మళ్ళీ 'గడ్డి'. ఇదే పిల్లలు కార్ల పేర్లు, ఫోన్ మోడళ్ళు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. తెలివికి లోటు లేదు. ఈ పేర్లు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఒక్క పాప కాగితంలో మాత్రం గరిక, తుంగ, తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, పల్లేరు, నేలఉసిరి, గునుగు, రెడ్డివారి నానబాలు అని వరసగా ఉన్నాయి. ఎవరు చెప్పారమ్మా అంటే, "మా నానమ్మ మేకలను తోలుకొని పోతది, సెలవుల్ల నేను కూడా పోత" అంది. ఆ పూట క్లాసుకు ఆ పాపే టీచర్. మిగతా పిల్లలు తన వెనకే తిరిగారు.

చూడటం మొదలుపెడితే ఆ పట్టీలో ఎంత ఉందో! తుంగను అందరూ గడ్డే అనుకుంటారు. కానీ దాని కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డి జాతుల కాడ గుండ్రంగా ఉండి, కణుపులతో ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి వేలికి తెలిస్తే ఇక జన్మలో మరిచిపోరు. గడ్డి ఆకు అంచు చెయ్యి కోస్తుంది కదా, దానికి కారణం ఆకులో ఉండే సిలికా. ఇసుకలో ఉండేదీ అదే పదార్థం. మామిడాకులో ఈనెలు వలలా అల్లుకుంటే, గడ్డి ఆకులో ఆ చివర నుంచి ఈ చివర దాకా పక్కపక్కనే పోతాయి. చాలా మొక్కలు కొస నుంచి పెరుగుతాయి. గడ్డి ఆకు మాత్రం మొదలు నుంచి పెరుగుతుంది. అందుకే మేక పైన కొరికేసినా, మనం కొడవలి పెట్టినా, కింద నుంచి మళ్ళీ వస్తుంది. గరికకైతే నేల మీద పాకే ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. ఎండాకాలమంతా ఎండి చచ్చిపోయిందనుకున్న చోట, తొలకరి పడగానే మళ్ళీ పచ్చబడేది ఇందుకే.

మధ్యాహ్నం పెట్టే అన్నం, మీరు రాత్రి కాల్చే జొన్నరొట్టె, గోధుమ చపాతీ, మక్కకంకి, సజ్జ సంకటి, చెరకు, దాంతో చేసిన బెల్లం, పందిరికి వేసే వెదురు అన్నీ గడ్డి కుటుంబంలోవే అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా నమ్మలేదు. చెరకు సంగతి వాళ్ళకు బాగా నచ్చింది. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధనా కేంద్రం మొదలైంది. అక్కడ టి.ఎస్. వెంకటరామన్ వంటి శాస్త్రవేత్తలు తియ్యటి చెరకును రెల్లుతో కలిపి, మన నేలకు తట్టుకునే కొత్త రకాలు తీశారు. రెల్లంటే వాగు ఒడ్డున ఆశ్వయుజంలో తెల్లగా పూసే ఆ గడ్డే, ఎవరూ లెక్కచేయనిదే. ఆ తర్వాత అదే కేంద్రంలో జానకీ అమ్మాళ్ పనిచేశారు. ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే అరుదైన రోజుల్లో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకొని, చెరకు మీద, దాని అడవి చుట్టాల మీద పరిశోధన చేసిన మనిషి ఆమె. 1897లో పుట్టి 1984 దాకా బతికారు. మా లైబ్రరీ గోడ మీద ఆమె బొమ్మ పెట్టబోతున్నాం.

పొద్దున్నే వచ్చే పిల్లలకు ఇంకో పని ఇచ్చాం. గడ్డి మీద నీటి చుక్కలు ఎక్కడ ఉన్నాయో జాగ్రత్తగా చూడమన్నాం. మంచు పడితే ఆకంతా తడుస్తుంది. కొన్ని రోజులు మాత్రం ఆకంతా పొడిగా ఉండి, కొసన ఒక్క చుక్క నిలబడి ఉంటుంది. అది ఆకాశం నుంచి పడింది కాదు. రాత్రి వేళ్ళు పీల్చిన నీరు మొక్కకు కావలసినదాని కంటే ఎక్కువైతే, ఆకు కొస దగ్గర ఉండే సన్నటి రంధ్రాల గుండా బయటికి వస్తుంది. తెల్లవారుజామున వరి చేలో ఇది బాగా కనిపిస్తుంది. రైతు ఇళ్ళ పిల్లల్ని అడిగితే కొందరు చూశామన్నారు, కానీ అదీ మంచే అనుకున్నారట. ఒక పిల్లాడు ఈ సంగతి విని, మరి మంచు బిందువు అని పద్యాల్లో రాసింది తప్పా సార్ అని తెలుగు సార్‌ను నిలదీశాడు. ఆ ప్రశ్న నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. తప్పు కాదని, కవి ఆ చుక్కను నిజంగానే చూశాడని, అది ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు ఇంకో అడుగు ముందుకు వెళ్ళి చూశావని సార్ చెప్పారు.

తెలుగు క్లాసులోనూ ఈ నెలంతా గడ్డీ ఆకులే. వేమన గడ్డితో పేనిన మోకుతో ఏనుగును కట్టేయవచ్చన్నాడు, అది చిన్న క్లాసులకు. పెద్ద క్లాసులకు అశోకవనంలో సీతమ్మ కథ. రావణుడు ఎదురుగా నిలబడి బెదిరిస్తుంటే ఆమె ఒక గడ్డిపరకను మధ్యలో పెట్టి బదులు చెప్పింది. నువ్వు నాకు గడ్డిపోచతో సమానం అని చెప్పడమని కొందరు, పరాయి మగవాడితో నేరుగా మాట్లాడకుండా అడ్డం పెట్టుకుందని కొందరు పెద్దలు వివరించారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె, "చుట్టూ రాక్షసులే ఉన్నప్పుడు ఆమె వైపు ఉన్నది ఆ గడ్డి ఒక్కటే" అని రాసింది. ఆ వాక్యాన్ని స్టాఫ్‌రూంలో అందరం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇచ్చుకుంటూ చదివాం. కాళిదాసు శకుంతల అత్తవారింటికి బయలుదేరే ఘట్టం కూడా చెప్పుకున్నాం. మొక్కలకు నీళ్ళు పోయనిదే తాను తాగని పిల్ల, అలంకారమంటే ఇష్టమున్నా వాటి మీది ప్రేమతో ఒక్క చిగురు కూడా తుంచని పిల్ల.

ఇంగ్లీష్ టీచర్ వాల్ట్ విట్మన్‌ను పరిచయం చేశారు. అమెరికాలో బ్రూక్లిన్‌లో ఉంటూ 1855లో ఆయన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అనే చిన్న పుస్తకం సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. తర్వాత 1892లో చనిపోయేదాకా దాన్ని దిద్దుతూ, పెంచుతూనే ఉన్నాడు. అందులో ఒక పిల్లవాడు రెండు గుప్పిళ్ళ నిండా గడ్డి తెచ్చి ఇదేమిటని అడుగుతాడు. ఆ పిల్లవాడికంటే నాకు ఎక్కువేం తెలుసని కవి ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఊహలు మొదలుపెడతాడు. దేవుడు కావాలనే జారవిడిచిన చేతిరుమాలేమో, గడ్డే ఒక పసిబిడ్డేమో, సమాధుల మీద పెరిగిన, ఎవరూ కత్తిరించని జుట్టేమో అంటాడు. మనం మామూలుగా ఏం చేస్తాం? పిల్లలు అడగగానే ఫోన్ తీసి జవాబు చూపిస్తాం, లేదా చేతులు కడుక్కొని రమ్మంటాం. ఆయన ఆ పిల్లవాడి ప్రశ్నతో చాలాసేపు కూర్చున్నాడు. ఇంట్లో మీరూ అలా కాసేపు కూర్చోవాలని నా కోరిక. జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, వాళ్ళతో కలిసి వంగి చూడండి.

పైగా ఆకుల గురించి మీ ఇళ్ళలో ఉన్నంత చదువు మా దగ్గర లేదు. మన పిల్లల్లో చాలామంది అమ్మలు బీడీలు చుడతారు. తునికాకును నానబెట్టడం, అచ్చు పెట్టి కత్తిరించడం, ఏ ఆకు చుడితే నిలుస్తుందో, ఏది చిరుగుతుందో పట్టుకోగానే చెప్పడం నేర్పుకాక మరేమిటి? ఎండాకాలంలో అడవికి వెళ్ళి ఆ ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టే కుటుంబాలూ మన బడిలో ఉన్నాయి. తంబాకు దుమ్ము వాళ్ళ ఊపిరితిత్తులకు ఎంత చేటో నాకు తెలుసు. పిల్లలు చదువుకొని వేరే పనుల్లోకి వెళ్ళాలనే మనందరం కష్టపడుతున్నాం. అయినా అమ్మ చేతి పని చెప్పుకోవడానికి ఏ బిడ్డా సిగ్గుపడకూడదు. మోదుగాకులతో ఇస్తరాకులు కుట్టే తాతలు, ఆషాఢంలో గోరింటాకు నూరిపెట్టే అత్తలు, చవితినాడు తుమ్మికూర వండే నానమ్మలు, దసరాకు జమ్మి ఆకును బంగారమంటూ చేతిలో పెట్టించుకొని దీవించే పెద్దలు, అందరి దగ్గరా మాకు కావలసింది ఉంది.

అందుకే పిల్లలకు ఒక ఆకుల నోట్‌బుక్ ఇస్తున్నాం. వారానికి ఒక ఆకు చాలు. ఆకును పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి ఆరబెట్టి అతికించాలి. పక్కన మీ ఇంట్లో దాన్ని ఏమంటారో రాయాలి. లంబాడీలో, గోండులో, ఉర్దూలో, మరాఠీలో ఎలా పిలిచినా అలాగే తెలుగు అక్షరాల్లో రాయించండి. అది తినేదా, మందుకా, పశువులకా, పూజకా, లేక దేనికీ పనికిరాదా, చెప్పినవాళ్ళు ఎవరు అనేవి కూడా ఉండాలి. నెట్‌లో చూసి రాసినవి వద్దు. చక్కటి దస్తూరికి, రంగు బొమ్మలకు మార్కులేమీ లేవు, కాబట్టి ఎవరూ టెన్షన్ పడనక్కరలేదు. తల్లిదండ్రులే కూర్చొని రాసిపెట్టిన నోట్‌బుక్‌లు మాత్రం మేం ఇట్టే గుర్తుపడతాం.

వినాయక చవితి వస్తోంది. బజారులో కట్టగా కొనే పత్రిలో ఏ ఆకు ఏదో తెలియకుండానే పూజ అయిపోతుంది. ఈసారి వీలైతే పిల్లల్ని వెంటబెట్టుకొని వెళ్ళి, దొరికినన్ని మీరే కోసుకొని రండి. గరిక, మామిడి, రేగు, జమ్మి, రావి, మద్ది, వావిలి, దానిమ్మ, తులసి వంటివి మన ఊళ్ళో వెతికితే దొరుకుతాయి. ఇరవై ఒకటీ దొరకకపోతే బాధ లేదు, ఒక్క కొమ్మను మొత్తం విరవకుండా నాలుగు ఆకులు కోయడం నేర్పండి. ఒక జాగ్రత్త. గన్నేరు, ఉమ్మెత్త పూర్తిగా విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ మూడూ పెద్దవాళ్ళే కోయాలి. చిన్నపిల్లలు వాటిని నోటి దగ్గరికి తీసుకెళ్ళకుండా చూడండి, పూజ అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

రాలిన ఆకుల గురించి కూడా ఒక మాట. బడి ఆవరణలో ఊడ్చిన ఆకుల్ని ఇక తగలబెట్టడం లేదు. ఆ పొగకు ఆయాసం ఉన్న పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. పైగా చెట్టు ఆకును రాల్చే ముందు అందులోని పోషకాల్లో కొంత వెనక్కి తీసుకున్నా, మిగిలినది మట్టికి చేరాల్సిందే. వేపచెట్టు అవతల గుంత తవ్వించాం. ఏడో తరగతి పిల్లలు ఆకులు, పేడనీళ్ళు, మట్టి పొరలు పొరలుగా వేస్తున్నారు. మీ వాకిలి ఊడ్చిన ఆకులు కూడా సంచిలో పంపవచ్చు, ప్లాస్టిక్ కవర్లు కలవకుండా చూడండి చాలు.

గడ్డి పట్టీలోకి టీచర్ లేకుండా ఎవరినీ వెళ్ళనివ్వం. అక్కడికి వెళ్ళే రోజు ముందుగా డైరీలో రాసి పంపుతాం, ఆ రోజు చెప్పులు కాకుండా బూట్లు వేసి పంపండి. పుప్పొడి అలర్జీ, ఆయాసం ఉన్న పిల్లల పేర్లు క్లాస్ టీచర్‌కు తప్పక చెప్పండి, వాళ్ళకు గదిలోనే ఆకులు చూపిస్తాం. మేకలు కాసే, వనమూలికలు తెలిసిన, విస్తళ్ళు కుట్టే పెద్దవాళ్ళు శనివారం మధ్యాహ్నం ఒక గంట బడికి వచ్చి పిల్లలతో మాట్లాడగలిగితే ఆఫీసులో పేరు ఇవ్వండి. చదువు రాదని సంకోచించవద్దు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, మీరు చెప్పేది మేమూ పిల్లలతో పాటు కూర్చొని రాసుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు