హంగేరీ కష్టం, హంగేరీలో కష్టం

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం అందింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక కుదిరిన 1920 నాటి ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల భూభాగం పోగొట్టుకున్నదని, ముప్పై లక్షలకు పైగా హంగేరియన్లు పరాయి రాజ్యాల పాలయ్యారని నువ్వు బాధపడుతూ రాసినదంతా నిజమే. అయితే ఆ కథను నువ్వు చివరి నుంచి మొదలుపెట్టావు.

1848లో తమ నాయకుడు కొషూత్ వెంట నడిచి వియన్నాలోని ఆస్ట్రియా చక్రవర్తి పెత్తనాన్ని ఎదిరించిన హంగేరియన్లు, ఆయనతో 1867లో కుదిరిన రాజీతో తమ రాజ్యాన్ని తామే ఏలుకునే హక్కు సంపాదించారు. మరుసటి ఏడాదే విద్యామంత్రి ఎట్వెష్ పూనికతో వచ్చిన జాతుల చట్టం, ప్రాథమిక పాఠశాలల్లోను కింది న్యాయస్థానాల్లోను హంగేరియనేతరుల మాతృభాషకు చోటిచ్చింది. ఆ కాలానికి అది ఉదారమైన చట్టమే గాని, దేశంలో ఉన్నది ఒకే ఒక్క హంగేరియన్ రాజకీయ జాతి అని శాసించినదీ అదే. తరువాతి ప్రభుత్వాలు మొదటి మాట మరిచి రెండోదాన్నే పట్టుకున్నాయి. నిన్నటి కోడలు అత్తగారై కూర్చున్నది. 1874-75లో స్లొవాకుల మూడు ఉన్నత పాఠశాలలూ, వారి సాంస్కృతిక సంస్థ మాతిత్సా కూడా మూతపడ్డాయి.

నన్ను ఎక్కువగా వెంటాడేది, అప్పట్లో హంగేరీలో భాగమైన ట్రాన్సిల్వేనియా రొమేనియన్ల విజ్ఞాపన. 1892లో సుమారు మూడు వందల మంది వియన్నా వెళ్ళి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కు గోడు చెప్పుకోబోతే, ఆయన దర్శనమే ఇవ్వలేదు సరికదా, ఆ పత్రాన్ని చదవకుండానే బుడాపెస్ట్‌కు, అంటే ఎవరి మీద ఫిర్యాదో వారికే, పంపించారు. ఆపైన దాన్ని అచ్చువేసి పంచారన్న నేరం మోపి 1894లో క్లూజ్‌లో నాయకులను విచారించి, రాత్సియుకు రెండేళ్ళు, లుకాచుకు అయిదేళ్ళు జైలుశిక్ష వేశారు. ఒక జాతి ఉనికి చర్చకు పెట్టేది కాదని, చాటి చెప్పేదని రాత్సియు ఆ సందర్భంలోనే అన్నాడు. ఆ విచారణే జరగకపోతే ఈ గొడవ యూరప్ పత్రికలకు అంతగా ఎక్కేదే కాదు. సర్కారు తెలివి అలా ఉండేది!

పార్లమెంటులో పోరాడవచ్చు కదా అంటావేమో. ఓటు హక్కు జనాభాలో నూటికి ఆరుగురికి మించి లేదు. 1907లో విద్యామంత్రి అప్పోన్యి తెచ్చిన చట్టం, నాలుగో ఏడు ముగిసేసరికి పిల్లలందరికీ హంగేరియన్‌లో మాట్లాడడం, రాయడం రావాలన్నది. ఆ అక్టోబర్ 27న చెర్నోవా అనే స్లొవాక్ పల్లెలో, తమ ఊరివాడైన పూజారి హ్లింకా లేకుండా కొత్త చర్చి ప్రతిష్ఠ వద్దని అడ్డుపడిన స్లొవాకుల మీద పోలీసులు కాల్పులు జరిపితే 15 మంది మరణించారు.

క్రొయేషియన్ల సంగతి వేరు. వారికి 1868లోనే ప్రత్యేక ఒడంబడిక, సొంత శాసనసభ దక్కాయి. అవి ఎంతవరకు అక్కరకు వచ్చాయో మరో ఉత్తరంలో వాదించుకుందాం.

నీ
సుధాకర్