ఆ సగం సీసా పారబొయ్యి తల్లీ

బుజ్జీ,

రాత్రి ఫోన్లో చిన్నోడి ఏడుపు విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. చెవి పట్టుకుని లాక్కుంటున్నాడు, ఒళ్లు కాలిపోతోంది అన్నావు, సరే, పోయిన నెల యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో సగం ఉంది అదే పోసేస్తానన్నావు చూడు, అక్కడే నా గుండె గుభేలుమంది. పొయ్యకు. పొడిలో నీళ్లు కలిపి నెలైన మందు ఎలాగూ పనికిరాదు, కానీ నా భయం దాని గురించి కాదు.

నీకు రెండేళ్లప్పుడు నేనూ ఇదే చేశానమ్మా. జలుబు చేసిన ప్రతిసారీ మందులషాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ తెచ్చి, రెండ్రోజులు పట్టి, జ్వరం దిగగానే మానేసి మిగిలింది దాచేదాన్ని. ఒకరోజు పొద్దున్న చూస్తే నీ తలగడ మీద పచ్చటి మరక, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. చీము టెస్టుకి పంపిస్తే అన్నాళ్లూ నేను పోసిన మందు ఆ క్రిముల మీద పనిచెయ్యదని తేలింది, అప్పటికే కర్ణభేరికి చిల్లు పడిపోయింది. నువ్వు ఇప్పటికీ ఫోన్ కుడి చెవికే పెట్టుకుంటావు, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

అప్పుడు డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. న్యూమోకోకస్ లాంటి క్రిములు పసిపిల్లల ముక్కు వెనకాల ఏ జబ్బూ చెయ్యకుండా కాపురం ఉంటాయట, జలుబు చేసి ముక్కు నుంచి చెవికి పోయే గొట్టం వాస్తే అవి చెవిలోకి చేరి చీము పట్టిస్తాయి, పిల్లలకి ఆ గొట్టం పొట్టిగా అడ్డంగా ఉంటుంది కదా. జలుబేమో వైరస్, దానికి యాంటీబయాటిక్ పోస్తే జలుబు తగ్గదు సరికదా మందుకి లొంగేవి చచ్చి మొండివి మిగిలి ఆ జాగా అంతా అవే పెరుగుతాయి, అంగన్‌వాడీలో పక్క గుంటడికీ అవే అంటుకుంటాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ తీసుకున్నప్పుడే చాలీచాలని మోతాదులు వాడితే ఇలా అవుతుందని హెచ్చరించాడు.

ఇవాళే పిల్లల డాక్టర్‌కి చూపించు, లైట్ వేసి చెవిలోపల చూస్తారు. యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ చెప్పినంతా వెయ్యి, రెండ్రోజులు ఆగి చూద్దాం అంటే మాత్రం స్ట్రాంగ్‌ది రాయండి అని పట్టుబట్టకు. ఈలోగా నొప్పికి పారాసెటమాల్, వాడి బరువుకి ఎంతో అడిగి. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పొయ్యనివ్వకు, మీ అత్తగారు నొచ్చుకున్నా సరే. పడుకోబెట్టి పాలసీసా ఇవ్వకు.

టీకాల కార్డు తీసి చూడు, న్యూమోకోకల్‌ది ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి మూడు పడాలి, ఆ మూడోది పడిందా? 2021 నుంచి దేశమంతా గవర్నమెంట్‌లో ఉచితంగానే వేస్తున్నారు, నీ చిన్నప్పుడు అది లేదు.

ఇంకోటి, పొగ. మీ నాయనమ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, నువ్వేమో ఆవిడ ఒళ్లోనే పెరిగావు. పొగ పీల్చే పిల్లలకి చెవిపోటు ఎక్కువని నాకు అప్పుడు తెలీదు. మీ మామయ్యగారికి నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను, చుట్ట వీధిలో కాల్చుకోమని.

శనివారం మధ్యాహ్నం శ్రీకాకుళంలో బస్సెక్కుతాను, సాయంత్రం లోపు విజయనగరంలో ఉంటాను. డాక్టర్ ఏమన్నారో ఈలోపే ఫోన్ చెయ్యి.

అమ్మ