సర్పంచ్ అభ్యర్థుల ఖర్చు లెక్క ఊరికి చూపాలి

సంపాదకుడు గారికి,

2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు అయిపోయినప్పటి నుంచి మా ఊళ్లో ఒకటే మాట: ‘ఎక్కువ పంచినోడే గెలిచిండు’. నేను ఒప్పుకోను. సర్పంచ్‌కు నిలబడ్డ ఇద్దరూ పోటాపోటీగా డబ్బు పంచారు. జనం ఇద్దరి దగ్గరా తీసుకుని తమకు నచ్చినవారికే వేశారు. ఓడినాయన పెట్టింది కూడా తక్కువేమీ కాదు.

డబ్బు చేసే అసలు నష్టం నామినేషన్ కంటే ముందే జరిగిపోతోంది. మా వార్డు మెంబరుగా ఐదేళ్లు చేసిన ఒక అక్క ఈసారి సర్పంచ్‌గా నిలబడదామనుకుంది. నల్లా రాకపోయినా, వీధి లైటు పోయినా మేమంతా ఆమె ఇంటికే పోయేవాళ్లం. మద్దతు అడగడానికి వెళ్తే ప్రతిచోటా మొదటి ప్రశ్న ‘ఎంత పెడతవక్కా?’ అనే. వారం తిరగకుండానే ఆమె ఆ ఆలోచన మానుకుంది. సర్పంచ్ నామినేషన్‌కు డిపాజిట్ 2,000 రూపాయలే. ఎస్సీ, ఎస్టీ, బీసీలకైతే 1,000. కూలికి పోయేవాళ్లు కూడా పోటీ చేయొచ్చని చట్టం అంటుంటే, ఊరు మాత్రం లక్షలు చూపించమంటోంది.

5 వేల లోపు జనాభా ఉన్న మాలాంటి ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదు. 2022లో మా మునుగోడు అసెంబ్లీ ఉప ఎన్నికను దగ్గర నుంచి చూసినవాళ్లం కాబట్టి మాకు ఈ పరిమితులు కాగితం మీద ఎలా ఉంటాయో, వీధిలో ఎలా ఉంటాయో తెలుసు. రాత్రి దావత్‌లు, మందు, హైదరాబాద్ ఎల్బీనగర్ నుంచి ఓటర్లను తెచ్చే బండ్లు, ఇవన్నీ లక్షన్నరలో అయ్యాయంటే ఎవరు నమ్ముతారు? సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్లకు 3,90,000. అంతకు మించి అప్పు చేసి గెలిచినవారు దాన్ని ఎలా తీరుస్తారన్నదే నా భయం. సొంత భూమి అమ్మాలి, లేదంటే సీసీ రోడ్డు మందం తగ్గాలి.

ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా అభ్యర్థులందరూ ఖర్చు లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. కానీ ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసుకు చేరిన ఆ కాగితాన్ని మా ఊళ్లో చూసినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు. దాన్ని పంచాయతీ నోటీసు బోర్డుపై అంటించాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. దావత్‌కు వెళ్లినవాళ్లే అక్కడ కూర్చుని వింటారు. తేడా ఎక్కడుందో వాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ ఒక్క ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక ఓటరు, మునుగోడు మండలం, నల్గొండ జిల్లా