హెడ్‌లైట్లకి టేపు అంటించిన రోజులు

కేరీ, నార్త్ కరోలినా
ఆదివారం రాత్రి

చిన్నీ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆఫీసు వాళ్లతో షార్లెట్‌లో స్టాక్ కార్ల రేసుకి వెళ్లొచ్చానన్నావు. గంటకే చెవులు దిబ్బళ్లు పడ్డాయన్నావు. "గుండ్రంగా తిరగడమే కదా నాన్నా, ఇందులో ఇన్నేళ్లూ ఏం చూశావు?" అన్నావు. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, నేను నవ్వేసి ఫోన్ పెట్టేశాను. జవాబు పడుకున్నాక తట్టింది. నాకెప్పుడూ అంతే కదా. అందుకే ఈ ఉత్తరం.

నిజం చెప్పాలంటే ఇప్పటి రేసులు నేనూ పెద్దగా చూడను. టీవీ పెట్టుకుని సోఫాలో కునుకు తీస్తాను, నీకు తెలుసు. నా బెంగంతా నేను పుట్టకముందు జరిగిన రేసుల మీద. చూడని రోజుల మీద బెంగేమిటని మీ అమ్మ ఎగతాళి. నేను వాటిని పక్కింటి పెద్దాయన నోట విన్నాను. ఆయన చెప్తుంటే చూసినట్టే ఉండేది.

1999లో ఇక్కడికొచ్చిన కొత్తలో నేనొక పాత కరోలా కొన్నాను. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే గరగరమనేది. ఒకరోజు బానెట్ ఎత్తి అయోమయంగా చూస్తుంటే పెద్దాయన పిలవకుండానే వచ్చాడు. వెనక జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒకచోట విన్నాడు, పక్కన ఇంకోచోట విన్నాడు, మళ్లీ మొదటిచోటికి వచ్చాడు. నాకు ఒళ్లు జల్లుమంది. అచ్చం మా నాన్నే! విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ముందు లారీ ఆపి మీ తాతయ్య ఇలాగే వినేవాడు. ఆ సమయంలో పక్కన ఎవరైనా మాట్లాడితే స్పానర్ విసిరేంత కోపం. పెద్దాయన కళ్లు తెరిచి "వాటర్ పంపు బేరింగ్" అన్నాడు. విప్పి చూస్తే వాటర్ పంపు బేరింగే.

అలా మొదలైంది మా స్నేహం. నీకు మూడేళ్లప్పుడు ఆయన మనల్ని హిల్స్‌బరో తీసుకెళ్లాడు, నీకు గుర్తుండదు. ఈనో నది ఒడ్డున పైన్ చెట్ల మధ్య ఒక కాలిబాట. అది మామూలు బాట కాదు, ఆకనీచీ స్పీడ్‌వే. 0.9 మైలు మట్టి ట్రాక్. 1949 నుంచి 1968 దాకా అక్కడ పెద్ద రేసులు జరిగాయి. ఇప్పుడు కార్లు తిరిగిన వంపుల్లో నా నడుమంత లావు చెట్లు పెరిగాయి. ఎర్రమట్టి, మన నూజివీడు మామిడితోటల్లో ఉండేలాంటిది. వాలులో కాంక్రీటు మెట్లు కొన్ని మిగిలి ఉన్నాయి. పెద్దాయన వాటిలో ఒక మెట్టు దగ్గరికెళ్లి, పైన్ ఆకులు చేత్తో దులిపి, టికెట్ మీద నంబరు చూసుకున్నవాడిలా కూర్చున్నాడు. 1968 సెప్టెంబరు 15న అక్కడ జరిగిన చివరి రేసులో రిచర్డ్ పెట్టీ గెలిచాడు. పదమూడేళ్ల పిల్లాడిగా ఈయన ఆ మెట్ల మీదే ఉన్నాడట. ఇంటికెళ్లాక వాళ్లమ్మ చెవుల్లోంచి ఎర్రమట్టి తీసిందని చెప్పి నవ్వాడు.

స్టాక్ కార్ అంటే షోరూంలో స్టాకులో ఉన్న కారు, అంతే. అందులో నాకు నచ్చిందల్లా అదే. ఈ రేసులు నడిపే సంస్థ పేరు నాస్కార్. మీ షార్లెట్‌లోనే 1949 జూన్ 19న దాని మొట్టమొదటి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' రేసు జరిగింది. జనం మామూలు కార్లతో వచ్చారు. ఊడకుండా తలుపులకి బెల్టులు కట్టేవాళ్లు, అద్దం పగిలి ట్రాక్ మీద పడకుండా హెడ్‌లైట్లకి టేపు అంటించేవాళ్లు. మేకప్ అంతే. లీ పెట్టీ అనే ఆయన అరువు తెచ్చుకున్న బ్యూయిక్‌ని ఇంటి దగ్గర్నుంచి నడుపుకుంటూ వచ్చి, అదే కారుతో పందెంలో దిగి, పల్టీ కొట్టించాడు. అందరికీ ప్రాణాలు దక్కాయి గానీ తిరిగి ఇంటికెళ్లడానికి బండి లేదు! పన్నెండేళ్లు కూడా నిండని కొడుకు అక్కడే ఉండి అంతా చూశాడు. ఆ పిల్లాడే రిచర్డ్ పెట్టీ, తర్వాత 200 రేసులు గెలిచాడు.

మొన్న నువ్వు చూసిన కార్లకి ముందువైపు హెడ్‌లైట్లు కనిపించాయా? అవి స్టిక్కర్లు. 2022 నుంచి వచ్చిన కార్లలో చాలా భాగాలు అందరికీ ఒకే కంపెనీ నుంచి వస్తాయి. ప్రాణానికి ఇవే మంచివి, కాదనను. కానీ ఆ బండిలో ఎవరూ పిల్లల్ని స్కూల్లో దింపలేరు. మనవైపు ఎడ్ల పందాల్లో బండ లాగే జత ఉంటుంది చూడు, ఒకప్పుడు వారమంతా దుక్కి దున్నిన ఎడ్లే తిరనాళ్లకి పందెంలో దిగేవి. ఇప్పుడు పందానికని విడిగా మేపుతున్నారు. అలాంటిదే ఇదీ.

ఆ మొదటి రేసులో ఇంకో తమాషా ఉంది, మీ తాతయ్య ఉంటే పగలబడి నవ్వేవాడు. ముందు గీత దాటింది గ్లెన్ డనవే, 1947 ఫోర్డులో. తర్వాత బండి కింద దూరి చూస్తే వెనక కమాను పట్టీలు మార్చి ఉన్నాయి. అది నాటుసారా బండి! డిక్కీ నిండా సారా వేస్తే బండి వెనక్కి కుంగుతుంది, కుంగితే ఎక్సైజు వాళ్లకి దొరికిపోతారు. అందుకని పట్టీలు గట్టి చేయించేవాళ్లు. ఆ బిగింపే మలుపుల్లో బండిని నిలబెడుతుంది. అతన్ని తప్పించి, లింకన్ నడిపిన జిమ్ రోపర్‌కి గెలుపు ఇచ్చారు. కమాను పట్టీ దగ్గర పట్టుబడటం! మా చిన్నప్పుడు సారా సైకిల్ ట్యూబుల్లో నింపి ఒంటికి చుట్టుకుని తెచ్చేవాళ్లు. ఇక్కడివాళ్లు దాన్ని వి8 ఇంజన్ల దాకా తీసుకెళ్లారు. మన రాష్ట్రంలోనే విల్క్స్ కౌంటీలో జూనియర్ జాన్సన్ అనే డ్రైవరు ఉండేవాడు, కుర్రతనం నుంచే సారా తోలాడు. 1956లో వాళ్ల నాన్న బట్టీ దగ్గరే పట్టుబడి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి 1960లో డేటోనా 500 అనే పెద్ద రేసు గెలిచాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు.

ఆడవాళ్లు లేరా అని నువ్వు అడుగుతావు, తెలుసు. ఆ మొదటి రేసు జరిగిన 1949లోనే, జూలైలో డేటోనా బీచ్ రేసుకి ముగ్గురు దిగారు. సగం ట్రాక్ సముద్రపు ఇసుక మీద, సగం తారు రోడ్డు మీద. ఎథెల్ మోబ్లీ అక్కడ పదకొండో స్థానంలో వచ్చింది, అన్నదమ్ముల్లో ఇద్దరు ఆమె వెనకే మిగిలారు. లూయీస్ స్మిత్ కథ ఇంకా బాగుంటుంది. రెండేళ్ల ముందు మొగుడి కొత్త ఫోర్డుని రేసు చూడ్డానికని తీసుకెళ్లి, పందెంలో దిగి నుజ్జు చేసి, దారిలో చెడిపోయిందని ఇంట్లో చెప్పిందట. మొగుడు అప్పటికే పేపర్లో ఫొటో చూసేశాడు.

ఇదంతా చదివితే రోజులన్నీ బంగారంలా ఉన్నాయనుకుంటావు. ఒక సంగతి చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. వెండెల్ స్కాట్ అని నల్లజాతి డ్రైవరు ఉండేవాడు. ఊరు వర్జీనియాలో డాన్‌విల్, మనింటికి గంటన్నర దూరం. టాక్సీ నడిపాడు, సారా తోలాడు, తన ఇంజన్ తనే విప్పి బిగించుకునేవాడు, రేసు మధ్యలో బండి ఆపి సరిచేసుకునే పిట్‌లో కొడుకులే సాయం. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో గెలిచాడు. కానీ జెండా ఇంకొకరికి ఊపారు, ట్రోఫీ ఇంకొకరికి ఇచ్చారు. జనమంతా వెళ్లిపోయాక, గంటల తర్వాత, చుట్ల లెక్క తప్పిందన్నారు. ఆయన 1990లో పోయాడు. కుటుంబం చేతికి ట్రోఫీ వచ్చింది 2021లో.

పెద్దాయన నాకు అన్ని కథలూ చెప్పాడు, ఇదొక్కటి చెప్పలేదు. నేనే చదివి అడిగాను. ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నాం. చాలాసేపు బూటుతో మట్టి గీకుతూ ఉండిపోయాడు. తర్వాత, "వెండెల్ ఇక్కడికీ వచ్చేవాడు. మంచి మెకానిక్. మా నాన్న చప్పట్లు కొట్టేవాడు కాదు, ఆయన్ని చూసి నేనూ కొట్టేవాణ్ని కాదు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ రోజు రేసు చూడ్డానికి నేను వచ్చి ఉంటే ఏ మెట్టు మీద కూర్చోనిచ్చేవాళ్లో ఇద్దరికీ తెలుసు. లేచేటప్పుడు మోకాళ్లు నొప్పని నా చెయ్యి పట్టుకున్నాడు. కారు దాకా వదల్లేదు.

ఆయన పోయి ఈ మార్చికి ఏడాది. ఆ తర్వాత నేను హిల్స్‌బరో వెళ్లలేదు. ఒక్కడినే వెళ్లబుద్ధి కాలేదు.

వచ్చే శనివారం ఖాళీ ఉంటే రా. అమ్మ పులిహోర కలుపుతానంది. పాత బూట్లు వేసుకో, వాన పడితే ఆ మట్టి వదలదు. ఇంకో మాట, పోయినసారి నువ్వు వెళ్లేటప్పుడు నీ కారు మలుపు తిరుగుతుంటే ముందు ఎడమవైపు ఏదో చప్పుడు వినపడింది. నువ్వు పాటలు గట్టిగా పెట్టుకుంటావు కాబట్టి నీకు తెలియదు. హైవే మీద స్పీడు తగ్గించి రా. వచ్చాక చూస్తాను.

నాన్న