పెరటాసి నడకకు బయల్దేరుతున్న మా అమ్మాయికి

పెరంబూరు, చెన్నై

చిట్టితల్లీ,

మన తమిళనాట వెంకన్న నెలగా చూసుకునే ఈ పెరటాసిలో తిరుమలకు నడిచి వెళ్తానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. నాకూ సంతోషమే. కానీ ప్రతి మజిలీకీ లాడ్జీ బుక్ చేసుకున్నానని, తిండి కూడా సంచిలోనే పెట్టుకుంటానని, ఎవరినీ ఇబ్బంది పెట్టనని అన్నావే, ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు కాళ్ల సంగతి. ఇక్కడి నుంచి రెడ్‌హిల్స్, పెరియపాళయం, ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి 130 కిలోమీటర్ల పైచిలుకు. కొత్త చెప్పులు వద్దు, కాలికి అలవాటైనవే వేసుకో. వేళ్ల సందుల్లో వాజెలిన్ రాసుకో. బొబ్బ లేస్తే పైతోలు పీకకు. తెల్లవారుజామునే లేచి ఎండెక్కేదాకా నడవండి, మళ్లీ పొద్దు వాలాకే. ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడిపక్కనే నడవాలి. వీపు సంచికి మెరిసే పట్టీ అంటించుకో, అది లారీలు తిరిగే దారి.

ఇక అసలు సంగతి. ఊత్తుకోటకు ముందు ఒక పెద్దావిడ పెరటాసిలో ఇంటి అరుగు పక్కన పొయ్యి పెట్టి, పెద్ద గుండిగలో వేణ్ణీళ్లు కాచేది. బేసినులో పోసి రాళ్లుప్పు వేసి, చేత్తో కలిపి వేడి చూసి, నడిచొచ్చే వాళ్ల ముందుకు పీట జరిపేది. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, "కొండ మీద నా పేరున ఒక్క గోవింద కొట్టు నాయనా" అనేది. ఆవిడ గడప దాటి కొండకు రాలేదు. ఆ పీట మీద కూర్చున్న వాళ్ల కాళ్లతోనే వస్తుంది. నువ్వు మర్యాదకు వద్దని వెళ్లిపోతే ఆగేది ఆవిడ యాత్ర. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పెట్టే పందిళ్ల వాళ్లదీ అదే కథ. వాళ్లు నిన్ను నీ పేరుతో పిలవరు, "గోవిందా, రా" అంటారు. వెళ్లు, కూర్చో, తిను.

చిన్నప్పుడు పెరటాసి శనివారాల్లో నీకు నామం పెట్టి, ఇత్తడి చెంబు చేతికిచ్చి, మన వీధిలో ఇంటింటికీ "గోవిందా గోపాలా" అంటూ తిప్పేది మీ నాయనమ్మ. ఆ బియ్యంతోనే స్వామికి తళిగ, అదే నైవేద్యం, వేసేవాళ్లం. మనింట్లో బియ్యం లేకనా? చెయ్యి చాచడం కూడా పూజలో భాగమేనని ఆవిడ నమ్మకం. నాదీ అదే నమ్మకం.

ఊత్తుకోట దాటగానే బోర్డులు తెలుగులోకి మారతాయి. అక్కడే సురుటుపల్లి. ఆ గుడికి తప్పకుండా వెళ్లు. హాలాహలం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. లోకాన్ని కాపాడినవాడికే ఒక ఒడి కావలసి వచ్చింది తల్లీ. నువ్వూ ఆ మండపంలో కాసేపు నడుం వాల్చు, ఎవరూ ఏమనుకోరు. పుత్తూరుకు ముందు నారాయణవనం, పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి జరిగిన ఊరంటారు. అది కూడా చూసే వెళ్లు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిలువు ఎక్కుడు, అక్కడ పంతం పట్టి పరుగెత్తకు. పైన మోకాళ్ల మెట్టు దగ్గరే, ఇంట్లో చెప్పకుండా వచ్చేసిన ఎనిమిదేళ్ల అన్నమయ్య ఆకలితో సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపంలో వచ్చి ప్రసాదం తినిపించిందని చెబుతారు. ఆయన వెంట తెచ్చుకున్న మూట ఏదీ ఆ కథలో లేదు, గమనించావా!

నువ్వు పుత్తూరు దాటాక ఫోన్ చెయ్యి. మేమిద్దరం బస్సెక్కి అలిపిరికి వచ్చేస్తాం, మెట్లు కలిసే ఎక్కుదాం. ఊత్తుకోట, నాగలాపురం లాడ్జీలైనా రేపే రద్దు చేసెయ్యి. మిగిలిన డబ్బు ఏదైనా పందిట్లో బియ్యానికని ఇవ్వు, పుచ్చుకుంటారు. నువ్వు తిన్న అన్నానికని మాత్రం ఇవ్వబోకు, నొచ్చుకుంటారు.

మీ నాన్న