పరిష్కరించకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

గుంటూరు నుంచి రాస్తున్నాను. మీ ల్యాప్‌టాప్ కొని ఏడు నెలలైంది. మోడలూ అవీ మీ దగ్గరున్న బిల్లులో ఉంటాయి, చూసుకోండి. నా బాధ ల్యాప్‌టాప్‌తో కాదు. ఒకే మాట నాలుగుసార్లు ఫోన్ చేసి చెబితే మీలో ఒక్కరూ చెవిన పెట్టలేదు, అదీ నా బాధ.

స్విచ్ నొక్కి వంటింట్లోకి వెళ్ళి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పక్కింటి బి.టెక్ అబ్బాయి వచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి లోపల ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చెప్పే టాస్క్ మేనేజర్ చూపించాడు. నేనింకా ఒక్క ఫైలూ తెరవలేదు, డిస్క్ అప్పటికే 100 శాతం పనిలో ఉందని ఎర్రగా చూపిస్తోంది. "టీచర్ గారూ, ఇవన్నీ కంపెనీవాళ్ళు పెట్టి పంపినవే" అన్నాడు. ట్రయల్ యాంటీవైరస్, రెండు ఆటలు, ఏదో షాపింగ్ యాప్, మీ పేరు పెట్టుకున్న అసిస్టెంట్. స్విచ్ వేయగానే వాటంతటవే మొదలయ్యే స్టార్టప్ లిస్టులో కొన్నిటిని డిసేబుల్ చేసి, మిగతావి అన్‌ఇన్‌స్టాల్ చేసి వెళ్ళాడు. మూడు రోజులు హాయిగా నడిచింది. నాలుగో రోజు అప్‌డేట్ వచ్చింది, దాంతోపాటే మీ అసిస్టెంట్ తిరిగొచ్చింది. మూడుసార్లు తీశాం, మూడుసార్లూ వచ్చింది.

మొదటిసారి ఫోన్ చేస్తే తెలుగుకు 4 నొక్కమన్నారు. నొక్కాను. ముప్ఫై అయిదు నిమిషాలు అదే పాట విన్నాక ఒకబ్బాయి హిందీలో పలికాడు. వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాను. సీరియల్ నంబరు చదవమన్నాడు. ల్యాప్‌టాప్ బోర్లా తిప్పి, భూతద్దం పెట్టుకుని, అది సున్నానో ఓ అక్షరమో తేలక రెండుసార్లు మొదటి నుంచీ చదివాను. అంతా రాసుకుని, ఇరవై నాలుగు గంటల్లో మీకే ఫోన్ వస్తుంది మేడమ్ అన్నాడు. రాలేదు. వారం చూసి మళ్ళీ నేనే చేశాను. ఈసారి ఎత్తినమ్మాయికి పాత ఫిర్యాదు కనబడలేదట, కథంతా మళ్ళీ మొదలు. రీస్టార్ట్ చేయండి అంది. రోజూ చేస్తున్నానమ్మా, ఆ ప్రోగ్రాములు తిరిగి రాకుండా ఎలాగో చెప్పమంటే, లైన్లో ఉండండి అని ఫోన్ కట్ చేసింది.

మూడో అతను ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నాడు. చేస్తే ఇవి మళ్ళీ రావు కదా అని రెండుసార్లు అడిగాను. రావన్నాడు. ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు ఆరేళ్ళవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అతని మాట నమ్మి చేశాను. అయ్యాక డెస్క్‌టాప్ మీద మొదట కనబడ్డవి ఆ రెండు ఆటలే. తెలుగు ఫాంట్లు పోయాయి, అవి సరిచేసుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా చేసేదే ఫ్యాక్టరీ రీసెట్ అని తర్వాత ఆ పక్కింటి అబ్బాయి చెప్పాడు. మీ మనిషికి ఆ సంగతి తెలియదా, తెలిసే నాకు అబద్ధం చెప్పాడా?

నాలుగోసారి విన్న మాటకు ఒళ్ళు మండిపోయింది. సాఫ్ట్‌వేర్ వారంటీ కిందికి రాదట, 1,999 రూపాయల ప్యాకేజీ తీసుకుంటే రిమోట్‌లో తీసేస్తారట. నన్నడక్కుండా మీరు పెట్టినవి మీరు తీయడానికి నేను డబ్బు కట్టాలా? ఏ ధర్మమండీ ఇది? కట్టనన్నాను. ఆ సాయంత్రమే మెయిల్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసివేశాం అని. ఎవరు పరిష్కరించారు? నన్నొక్క మాట అడిగారా? ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను, లెక్క తేలకుండా ఏ పిల్లవాడి నోటుబుక్కునూ రైటు కొట్టి మూయలేదు.

2008లో మా ఇంటికొచ్చిన మొదటి కంప్యూటర్ మీదే. పిల్లలిద్దరి ఇంజనీరింగ్ చదువులూ మీ ల్యాప్‌టాప్‌ల మీదే గడిచాయి. ఏది కొనమంటారు టీచర్ అని ఎవరడిగినా మీ పేరే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకునే రోజు తేకండి. మీ ప్రోగ్రాములు మళ్ళీ తల ఎత్తకుండా తీసేయించండి, చేతకాకపోతే మీ సరుకు మీరు తీసుకుని నా డబ్బు నాకిచ్చేయండి, ఏదో ఒకటి తేల్చండి. కానీ ముందు నా టికెట్ తెరవండి. పరిష్కారమైందని రాసినవారు ఎవరో వారే ఫోన్ చేసి, పొరపాటైందని చెప్పాలి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, లాయరు అక్కర్లేదు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజూ లేదు. మీరు పంపిన ప్రతి మెయిలూ ప్రింటు తీసి ఫైలులో పెట్టాను. నేను ఫోన్ చేసిన తేదీలు, వేళలు కూడా అందులో ఉన్నాయి.

సాయంత్రం 5 నుంచి 8 దాకా ట్యూషన్ ఉంటుంది. మిగతా ఏ వేళ చేసినా ఫోన్ నేనే ఎత్తుతాను. తెలుగులో మాట్లాడేవారితో చేయించండి.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల టీచర్, గుంటూరు